చల్లని దీపాలు

గోల్ బజార్‌లో రాత్రి ఎనిమిదింటికి నిలబడితే మనిషికి మూడు నీడలు పడతాయి. గాజుల కొట్టు వెలుగుకు ఒకటి, మిఠాయి దుకాణం వెలుగుకు ఒకటి, వీధి దీపానికి ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన మా మేనకోడలికి పన్నెండేళ్లు. తన మూడు నీడల్నీ తొక్కుకుంటూ నడవడం దానికి చిన్నప్పటి నుంచీ ఆట. చీకటి అంటే దానికి తెలిసిందల్లా, కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునేలోపు ఉండే ఒకటి రెండు క్షణాలే.

మా ఇంట్లో మొదట దీపాలతో బతికిన మనిషి మా తాతగారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలు దారి పూర్తయింది. ఆ దారి వెంట బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. తాతగారిది లాంప్‌మన్ ఉద్యోగం. పొద్దు వాలేసరికి కిరసనాయిలు పోసి, ఒత్తి కత్తిరించి, గాజు తుడిచి, దీపం పట్టుకుని సిగ్నల్ స్తంభం నిచ్చెన ఎక్కేవారు. ఆ దీపం ఆరిపోతే ఎక్కడో దూరాన వస్తున్న బండి డ్రైవరుకు దారి తెలియదు. చిన్న వెలుగే, కానీ దాని మాట తప్పకూడదు అనేవారు. ఆ మాటకు అసలైన అర్థం నాకు తెలిసింది ఒక పురుగు వల్ల.

ఖోంగ్‌సరాలో ఒక రాత్రి

జూన్ నెల. మృగశిర కార్తె వచ్చింది, రెండు జల్లులు పడ్డాయి. మేనకోడల్ని వెంటబెట్టుకుని కట్నీ వైపు వెళ్లే పేసింజరు ఎక్కాను. కర్గీ రోడ్, బెల్‌గహనా దాటాక కిటికీ నిండా అడవే. పడమట అచానక్‌మార్. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన గుగ్గిలం చెట్ల అడవి. ఖోంగ్‌సరాలో దిగి, తెలిసినవాళ్ల రైల్వే క్వార్టర్లో ఆ రాత్రికి ఉన్నాం.

భోజనాలయ్యాక పెరటి లైటు తీసేసి మెట్ల మీద కూర్చున్నాం.

"మావయ్యా, ఏమీ కనబడ్డం లేదు."

"కాసేపు ఆగమ్మా. నీ కళ్లు ఇంకా గోల్ బజార్లోనే ఉన్నాయి."

అది ఊరికే అన్న మాట కాదు. మన కంటి తెరలో రెండు రకాల కణాలుంటాయి. పగటి వెలుగులో రంగులు చూపించేవి కోన్లు. మసక వెలుగులో పనిచేసేవి రాడ్లు. బాగా వెలుగు తగిలినప్పుడు రాడ్లలోని రొడాప్సిన్ అనే పదార్థం విడిపోతుంది. అది మళ్లీ తయారై, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. దీని తయారీకి ఎ విటమిను కావాలి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది.

పావుగంటకు వాగు గట్టు మీద ఒక చుక్క వెలిగి ఆరింది. ఇంకొకటి. తర్వాత నాలుగైదు. మరో పది నిమిషాలకు, మా ఎదురుగా నల్లగా నిలబడిన చెట్టు మొదలు నుంచి కొమ్మల దాకా పచ్చటి చుక్కలతో నిండిపోయింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. చుక్కలు మాత్రం వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, ఒకచోట ఆరి మూరెడు అవతల వెలుగుతున్నాయి. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాట్లాడలేదు. నాకూ మాట రాలేదు.

కాసేపటికి ఫొటో తీద్దామని దానికి బుద్ధి పుట్టింది. ఫోను తెర వెలగగానే చెట్టు మాయమైపోయింది. పురుగులు ఎక్కడికీ పోలేదు, మా చూపే పోయింది. మళ్లీ పావుగంట కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అది ఫోను బయటికి తియ్యలేదు.

ఒక మిణుగురు వచ్చి నా చొక్కా చేతి మీద వాలింది. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. పొట్ట చివర మీగడ రంగు పట్టీ. ఆ పట్టీ లోపలి నుంచి వెలుగు పొంగి, తగ్గి, మళ్లీ పొంగుతోంది. మేనకోడలు వేలు దగ్గర పెట్టి చూసింది. వేడి లేదు. అప్పుడడిగింది, నేను ఇన్నేళ్లలో ఎవరి నోటా వినని ప్రశ్న:

"మావయ్యా, ఇవి ఎక్కడ ఛార్జ్ అవుతాయి?"

భీమవరం నుంచి వచ్చిన జవాబు

ముందు దీపం సంగతి. 1880లలో ఫ్రెంచి శాస్త్రవేత్త రఫాయెల్ డుబ్వా వెలిగే జీవుల అవయవాలను రెండు వాటాలు చేశాడు. ఒక వాటాను చన్నీళ్లలో నూరితే కాసేపు వెలిగి ఆరిపోయింది. రెండో వాటాను వేడినీళ్లలో వేస్తే వెంటనే ఆరింది. వేడినీళ్ల రసం చల్లారాక రెండింటినీ కలిపితే మళ్లీ వెలిగింది! అంటే అక్కడ పదార్థాలు రెండున్నాయి. ఒకటి వేడికి తట్టుకుంటుంది, వెలుగుతూ ఖర్చయిపోతుంది. రెండోది వేడికి చెడిపోతుంది, కానీ మొదటిదాన్ని వెలిగించేది అదే. మొదటిదానికి లూసిఫెరిన్ అని, రెండోదానికి లూసిఫెరేజ్ అని పేర్లు పెట్టాడు. మా తాతగారి లెక్కలో ఒకటి కిరసనాయిలు, రెండోది అగ్గిపుల్ల.

మిణుగురు విషయంలో ఈ రెండూ, ఆక్సిజనూ ఉన్నా చాలలేదు. గాజు గొట్టంలో వెలుగు కాసేపటికే నీరసించేది. 1947లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసే విలియం మెక్‌ఎల్‌రాయ్ ఆ లోటు ఏమిటో పట్టుకున్నాడు. ఆయనకు మిణుగురులు వేలకు వేలు కావాలి. ఊళ్లో పిల్లలకు నూరు పురుగులకు పావు డాలరు చొప్పున ఇచ్చి పట్టించేవాడు. ఆరిపోయిన రసంలో ఆయన ఒక పదార్థం కలపగానే వెలుగు మళ్లీ లేచింది. ఆ పదార్థం పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అందరూ పిలిచే పేరు ఏటీపీ.

ఈ ఏటీపీని కనిపెట్టినవాళ్లలో ఒకరు మనవాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల మీద పనిచేస్తూ 1929లో ఏటీపీని వేరుచేశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. తిన్న అన్నం నుంచి వచ్చే శక్తిని ఒంట్లోని ప్రతి కణం ఈ ఏటీపీ రూపంలోకే మార్చుకుని ఖర్చు పెడుతుంది. రెప్ప వాల్చాలన్నా అదే, గుండె కొట్టుకోవాలన్నా అదే. మిణుగురు వెలగాలన్నా అదే.

మేనకోడలికి జవాబు ఇలా చెప్పాను: "నువ్వు ఇందాక తిన్న అన్నంతో నీ చెయ్యి కదులుతోంది కదా. అది తిన్న తిండితో దాని దీపం వెలుగుతోంది. ఇద్దరికీ ఛార్జరు ఒకటే." పిల్ల తన చేతి వంక, పురుగు వంక మార్చి మార్చి చూసింది.

ఇక దీపం పొట్టలోకి తొంగిచూద్దాం. వెలిగే కణాల వెనక, వెలుగును బయటికి తిప్పికొట్టే సన్నటి రవ్వల పొర ఒకటి ఉంటుంది. తాతగారి దీపంలో ఒత్తి వెనక తళతళలాడే రేకు చేసే పని ఇక్కడ ఈ పొర చేస్తుంది. సన్నటి గొట్టాలు లోపలికి గాలి మోస్తాయి. మామూలప్పుడు ఆ ఆక్సిజన్‌ను కణం అంచునే, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు వాడేసుకుంటాయి. నరం నుంచి కబురు రాగానే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది మైటోకాండ్రియాలను క్షణకాలం ఆపితే ఆక్సిజన్ లోపలికి చేరుతుంది, దీపం వెలుగుతుంది. ఈ స్విచ్చి సంగతి బయటపడింది 2001లో.

పాత ఫిలమెంటు బల్బుకు ఇచ్చిన కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోయేది. మిణుగురులో ఖర్చయ్యే ప్రతి నూరు లూసిఫెరిన్ అణువుల్లో సుమారు 41 ఒక్కో వెలుగు కణాన్ని ఇస్తాయని 2008లో కొలిచారు. అందుకే మేనకోడలి వేలికి వేడి తగల్లేదు.

ఈ దీపం మనకు పనికొస్తోంది కూడా. బతికున్న కణం ఎక్కడుంటే అక్కడ ఏటీపీ ఉంటుంది. వంటశాల బల్లను తుడిచిన దూదికి మిణుగురు లూసిఫెరిన్, లూసిఫెరేజ్ తగిలిస్తే, అక్కడ మురికి, సూక్ష్మజీవులు మిగిలి ఉంటే వెలుగుతుంది. ఎంత వెలిగితే అంత మురికి. ఆహార పరిశ్రమల్లో, ఆసుపత్రుల్లో శుభ్రతను ఇలా పరీక్షిస్తున్నారు.

సిగ్నల్ భాష

వాగు గట్టున మేం చూసినవాటిలో ఎగురుతున్నవి ఎక్కువగా మగవి. మిణుగురుల్లో రెండు వేలకు పైగా జాతులున్నాయి. వెలుగుతో పలకరించుకునే జాతుల్లో దేని సిగ్నల్ దానిదే. ఎంతసేపు వెలగాలి, ఎంతసేపు ఆరాలి, ఎన్నిసార్లు అన్నది ఆ జాతికి కట్టుబడిన లెక్క. కింద గడ్డిలో కూర్చున్న ఆడది తన జాతి సిగ్నల్ గుర్తుపట్టి, సరిగ్గా కొంత వ్యవధి ఆగి బదులు వెలుగుతుంది. ఆ వ్యవధి తప్పితే మగది రాదు. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య బండి ఎలా నడుస్తుందో తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, ఈ ఏర్పాటు చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. స్టేషన్ ముందుండే హోమ్ సిగ్నల్ పడనిదే బండి లోపలికి రాదు.

కొన్ని జాతుల్లో ఆడదానికి రెక్కలే ఉండవు. నేల మీదే పాకుతూ వెలిగే ఆ పురుగునే పాశ్చాత్యులు గ్లోవార్మ్ అంటారు. మిణుగురుల పిల్లదశ కూడా నేల మీదే సాగుతుంది. తడి మట్టిలో, రాలిన ఆకుల కింద నత్తలను వేటాడుతూ నెలల తరబడి గడుపుతాయి. మనకు తెలిసినంతలో మిణుగురు పిల్లపురుగులన్నీ వెలుగుతాయి. వాటికి జత అక్కర్లేదు, మరి వెలుగెందుకు? మిణుగురుల్లో చాలావాటి ఒంట్లో చేదు విషం ఉంటుంది. 'నన్ను ముట్టుకోకు' అని వేటగాళ్లకు చేసే హెచ్చరిక అది. మొదట ఎర్ర సిగ్నల్‌గా పుట్టిన వెలుగే తరతరాల పరిణామంలో పచ్చ సిగ్నల్‌గా కూడా మారిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

రెండు గుహలు

గ్లోవార్మ్ అనే పేరుతోనే, మిణుగురుకు ఏమాత్రం దగ్గరి చుట్టం కాని మరో పురుగు ఉంది. దాని ఇళ్లలో ఒకటి న్యూజిలాండ్‌లోని వైటోమో గుహ. మావోరీ భాషలో వై అంటే నీరు, టోమో అంటే బిలం. 1887లో మావోరీ పెద్ద తానె టినోరౌ, ఇంగ్లీషు సర్వేయరు ఫ్రెడ్ మేస్ కలిసి తెప్ప కట్టుకుని, కొవ్వొత్తులు వెలిగించుకుని నది వెంట ఆ గుహలోకి వెళ్లారు. 1889 నుంచి తానె సందర్శకులను లోపలికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్లిన గుహ 1989లో తిరిగి అసలు హక్కుదార్ల వారసులకు దక్కింది.

ఇప్పుడు అక్కడ పడవ ఎక్కినవాళ్లు చప్పుడు చెయ్యకూడదు, లైటు వెయ్యకూడదు. తెడ్డు లేదు, పైన కట్టిన తాడు పట్టుకుని పడవను లాగుతారు. తల ఎత్తితే గుహ కప్పు అంతా నీలిపచ్చ చుక్కలు. అమావాస్య ఆకాశం చేతికందేంత కిందికి దిగినట్టుంటుంది. కింద నీళ్లలో అదే ఆకాశం మళ్లీ. ఈ పురుగును మావోరీలు టిటివై అంటారు.

ఆ నక్షత్రాలు నిజానికి గాలాలు. అరాక్నోకాంపా లూమినోసా అనే ఈ పురుగు దోమను పోలిన చిన్న ఈగకు పిల్లదశ. కప్పు నుంచి పట్టుదారాలు వేలాడదీసి, ప్రతి దారానికీ ముత్యాల వరసలా జిగురు చుక్కలు అంటిస్తుంది. నదిలో పుట్టిన సన్నటి ఈగలు వెలుగును చూసి, అదే బయటి ఆకాశమనుకుని పైకెగిరి, దారానికి అతుక్కుంటాయి. పురుగు దారం పైకి లాక్కుని తింటుంది. ఇలా నెలల తరబడి తిని పెద్దదై, చివరికి ఈగగా మారినప్పుడు దానికి తినే నోరే ఉండదు. కొద్ది రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది.

దీని దీపం మిణుగురు దీపం కాదు. లూసిఫెరిన్ పూర్తిగా వేరని 2018లో తేల్చారు. వెలిగే భాగం కూడా వేరు, మనకు మూత్రపిండాలు చేసే పనిని కీటకాల్లో చేసే గొట్టాల చివరలే ఇక్కడ దీపాలు. పరిణామం ఒకే పనిని వేర్వేరు చోట్ల, వేర్వేరు సామగ్రితో సాధించింది. కానీ ఈ దీపం కూడా ఏటీపీతోనే వెలుగుతుంది. భూగోళం అవతలి గుహ కప్పునా, ఖోంగ్‌సరా వాగు గట్టునా, మేనకోడలి చేతిలోనూ ఒకటే ఇంధనం.

అరాక్నోకాంపా జాతులు న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో తప్ప ఎక్కడా లేవు. మన గుహలు వేరే కథ చెబుతాయి. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన, జగదల్‌పూర్‌కు దగ్గర్లోని కాంగేర్ లోయలో కుటుమ్‌సర్ గుహ ఉంది. పరిశోధకులు శంకర్ తివారీ దాన్ని శాస్త్రీయంగా పరిశీలించి లోకానికి తెలియజేశారు. వానాకాలం నీళ్లు నిండుతాయి కాబట్టి మూసేస్తారు. మిగతా రోజుల్లో గైడు దీపం పట్టుకుని ముందు నడుస్తాడు. లోపల మడుగుల్లో తిరిగే చేపల్లో, తరతరాల చీకటి వల్ల కళ్లు చిన్నవైపోయి, రంగు వెలిసిపోయినవి ఉన్నాయి. అక్కడి కీచురాయి తన పొడవాటి మీసాలతో తడుముకుంటూ తిరుగుతుంది. దానికి తివారీ పేరు మీద కెంపియోలా శంకరీ అని పేరు పెట్టారు. ఒక గుహలో ప్రాణి చీకటిలో దీపం పెట్టుకుంది. మరో గుహలో చీకటికి తగ్గట్టు తన ఒంటినే మార్చుకుంది. గైడు దీపం ఆర్పమని అడిగి ఒక్క నిమిషం నిలబడి చూడండి, ఆ చేప బతుకు మనకు కొంత అర్థమవుతుంది.

అద్భుతం అనే రసం

ఖోంగ్‌సరాలో ఆ రాత్రి పిల్ల నా చెయ్యి ఎందుకు పట్టుకుంది? భరతుడి నాట్యశాస్త్రంలో దీనికి ఒక పేరుంది: అద్భుత రసం. దాని స్థాయీభావం, అంటే మూలభావం, విస్మయం. అది కలిగినప్పుడు ఒంటికి ఏమవుతుందో కూడా భరతుడు చెప్పాడు. కళ్లు విప్పారతాయి, రెప్ప పడదు, ఒళ్లు గగుర్పొడుస్తుంది, కన్నీరు వస్తుంది.

2003లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ ఈ భావానికి రెండు లక్షణాలు గుర్తించారు. ఒకటి, మనకంటే ఎంతో పెద్దదేదో ఎదురవడం. రెండు, మనకు తెలిసినదానిలో అది ఇమడక, మన తెలివినే సర్దుకోవలసి రావడం. 2015లో పాల్ పిఫ్ బృందం బర్క్‌లీలో కొందరిని ఎత్తయిన యూకలిప్టస్ చెట్ల కింద నిలబెట్టి, ఒక్క నిమిషం పైకి చూడమంది. మరికొందరిని పక్కనున్న భవనం వైపు చూడమంది. తర్వాత ఒకరు పొరపాటున జారవిడిచినట్టు పెన్నులు కింద పడేస్తే, చెట్లను చూసినవాళ్లే ఎక్కువ పెన్నులు ఏరి ఇచ్చారు.

2020లో అచ్చయిన మరో పరిశోధనలో వయసుమళ్లినవాళ్లను ఎనిమిది వారాల పాటు వారానికోసారి పావుగంట నడవమన్నారు. వారిలో కొందరికి, చుట్టూ వింతగా తోచేవాటిని వెతుకుతూ నడవమని చెప్పారు. నడకలో అందరూ సెల్ఫీలు తీసుకోవాలి. వింతలు వెతికినవాళ్ల సెల్ఫీల్లో వారం వారం వాళ్ల బొమ్మ చిన్నదవుతూ వచ్చింది, వెనకనున్న లోకానికి చోటు పెరిగింది.

తెలుసుకుంటే అద్భుతం తరిగిపోతుందని కొందరు భయపడతారు. మా మేనకోడలి విషయంలో అలా జరగలేదు. చెట్టు నిండా దీపాలు చూసినప్పటి కంటే, ఆ దీపానికీ తన చేతికీ ఇంధనం ఒకటేనని విన్నప్పుడే దాని కళ్లు ఎక్కువ విప్పారాయి. మొదటిది చూపుకు అందిన వింత. రెండోది బుద్ధికి అందిన వింత. మొదటిది ఆ రాత్రితో ఆగింది, రెండోది ఇంటికి వచ్చింది.

ఆరుతున్న దీపాలు

ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకుల గ్రామంలో అబ్‌స్కాండిటా చైనెన్సిస్ అనే మిణుగురు జాతిని పరిశీలించారు. 1996లో పది మీటర్ల మేరలో 500కు పైగా కనిపించిన పురుగులు 2019 నాటికి 10 నుంచి 20కి పడిపోయాయి. ప్రపంచమంతటా మిణుగురులకు ముప్పు తెచ్చే కారణాలు మూడు: ఉండే చోటు పోవడం, పురుగుమందులు, రాత్రి దీపాలు. మందు చల్లిన పొలంలో నత్త చస్తే మిణుగురు పిల్లకు తిండి లేదు. పెరట్లో తెల్లటి ఎల్‌ఈడీ తెల్లవార్లూ వెలిగితే గడ్డిలోని ఆడదాని బదులు మగదానికి కనబడదు. ఫోను వెలుగులో మా చెట్టు మాయమైపోయినట్టే. కాకపోతే మేం పావుగంట ఆగి మళ్లీ చూశాం. ఆ పురుగుకు ఉండేదే కొద్ది రోజులు.

ఇది చదివే మీకు నా మనవి ఒక్కటే. తొలకరి పడ్డాక మీ ఊరి చెరువు గట్టునో, వాగు ఒడ్డునో, తాతగారి పెరట్లోనో ఒక రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టండి. లైట్లన్నీ ఆపి అరగంట ఆగండి. టార్చి తప్పనిసరైతే దానికి ఎర్ర కాగితం కట్టండి. పురుగుల్ని సీసాలో పెట్టకండి. పెరట్లో ఒక మూల రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా వదిలేయండి, పిల్లపురుగులు పెరిగేది అక్కడే. మిణుగురుల కాలంలో పెరటి దీపం రాత్రిపూట ఆర్పేయండి. మిణుగురులు కనబడితే పిల్లలు ప్రశ్నలడుగుతారు, తెలిసినంత చెప్పండి. కనబడకపోతే ఎందుకు లేవో కూడా చెప్పండి.